పని చేసిన దేహానికి వ్యాయామమెందుకు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమల పల్లెలలో 60 యేండ్లు దాటిన స్త్రీతో వ్యాయామం మాట ఎత్తితే, జన్మమంతా కష్టం చేసిన దేహానికి వేరే కసరత్తు ఎందుకన్న ప్రశ్నయే సాధారణంగా సమాధానంగా వస్తుంది. ఆ మాట అనేది ఆమె ఒక్కతే కాదు. కొడుకూ అంటాడు, కోడలూ అంటుంది, ఒక్కొక్కప్పుడు మందు వ్రాసియిచ్చే డాక్టరూ అంటాడు. వినడానికి అది న్యాయంగానే ఉంటుంది. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, పశువుల సంగతి చూచి, చెలకకు పోయి దినమంతా కలుపు తీసి, ప్రొద్దుగూకిన తరువాత ఇంటికి వచ్చి మరల పొయ్యి ముట్టించిన మనిషిని ఇంకా కాళ్ళూ చేతులూ ఆడించుమని చెప్పడం పరిహాసంగా తోచవచ్చు. ఐతే న్యాయంగా కనిపించే ఈ మాటయే వృద్ధస్త్రీల ఆరోగ్యానికి అన్నిటికంటె బలమైన ఆటంకంగా నిలుస్తున్నది. తక్కిన ఆటంకాలు చాలా ఉన్నవి. నొప్పి ఉన్నది, తీరిక లేకపోవడం ఉన్నది, సిగ్గు ఉన్నది, దారి సరిగా లేకపోవడం ఉన్నది. కాని వాటిని తొలగించే ప్రయత్నం చేయనక్కరలేదని అందరికీ ధైర్యం ఇచ్చేది మాత్రం ఈ మాటయే.

పనికీ వ్యాయామానికీ గల భేదాన్ని మొదట చూడవలె. నాట్లు వేసే స్త్రీ గంటల తరబడి నడుము వంచి, బురదలో వెనుకకు అడుగులు వేస్తుంది. కలుపు తీసేటప్పుడు మోకాళ్ళు ముడిచి మడమలమీద కూర్చుండి ముందుకు జరుగుతుంది. పత్తి ఏరేటప్పుడు ఒడిలోని బరువు నడుమును ముందుకు లాగుతూనే ఉంటుంది. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతగా ప్రారంభమైన జిల్లాలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నవి. ఆ పనులలో మట్టితట్ట నెత్తిన పెట్టుకొని కట్టమీదికి ఎక్కినవారిలోను స్త్రీలు అధికసంఖ్యలో ఉన్నారు. ఈ పనులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. కొన్ని కీళ్ళు ఒకే దిశలో వేలసార్లు కదులుతవి. తక్కినవి దినమంతా బిగిసి ఉంటవి. అలసట వచ్చినప్పుడు ఆగే స్వాతంత్ర్యం కూలిమనిషికి లేదు. తన మునుము వెనుకబడితే ప్రక్కవారితోను, గట్టుమీద నిలుచున్నవారితోను మాట పడవలె. వ్యాయామం దీనికి సరిగా విరుద్ధమైనది. అందులో ప్రతి కీలూ తనకు చేతనైనంత మేరకు అన్ని దిశలలోను కదులుతుంది. కొద్దిగా చేసి ఆగడం, ఆగి మరల చేయడం, వారం వారం కొంచెం కొంచెం పెంచడం దాని పద్ధతి. కండ బలపడేది శ్రమించినప్పుడు కాదు, శ్రమ తరువాత దొరికిన విశ్రాంతిలో. ఆ విశ్రాంతియే కూలిపనిలో దొరకని వస్తువు.

ఇందుకు ఈ సీమలోనే ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. పోచంపల్లి, ఆలేరు ప్రాంతాలు 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి గాని, అంతకుముందు నల్లగొండ జిల్లాలోనివే. అక్కడ చీర నేయడానికి ముందు పోగును ఆసు పోయవలె. అర్ధచంద్రాకారంగా నిలిపిన మేకులకూ, ఎదుట ఉన్న మేకుకూ మధ్య దారాన్ని చేతితో అటూ ఇటూ త్రిప్పడమే ఆసుపోత. ఒక చీరకు చేయి ఇంచుమించు 9000 సార్లు పోయిరావలె. ఈ పని తరతరాలుగా ఇంటి స్త్రీలది. ఆలేరు దగ్గరి శారాజీపేట గ్రామానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఈ పనివల్ల పడే భుజపు నొప్పిని చూడలేక, యేండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని సిద్ధం చేసినారు. దానికి తల్లి పేరే పెట్టినారు. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారం లభించినది. ఆ యంత్రపు కథ చాలామందికి తెలిసినదే. అందులో మనకు కావలసిన అంశం వేరు. కదలికయే వ్యాయామమైతే, ఆసు పోసిన తల్లుల భుజాలు మల్లయోధుల భుజాలు కావలసినవి. అట్లు కాలేదు. నొప్పికి నిలయాలైనవి.

రెండవ విషయం, ఆ పని కూడ జీవితాంతం ఉండదు. 60 దాటిన తరువాత కూలికి పిలిచేవారు తగ్గుతారు. విసురురాయి మూలకు చేరి చాలాకాలమైనది. రోలూ రోకలీ పండుగలకు, పెండ్లిండ్లకు మిగిలినవి. నీళ్ళు పైపులో వస్తున్నవి. కట్టెల మోపు స్థానంలో గ్యాసు సిలిండరు వచ్చినది. ఇవన్నీ మంచి మార్పులే. బిందెలు మోసిన కాలంలోనే ఆరోగ్యం ఉండెనని కొందరు పెద్దమనుషులు నిట్టూర్చడం విన్నాను. మోసినవారెవ్వరు ఆ కాలాన్ని తిరిగి రమ్మనగా వినలేదు. ఐనా లెక్క మాత్రం లెక్కయే. అతిశ్రమనుండి ఆమె ఒక్కసారిగా నిశ్చలత్వంలోనికి వచ్చినది. ప్రొద్దున అరుగు, మధ్యాహ్నం మంచం, సాయంకాలం టెలివిజను.

దేహంలో ఈ సమయానికి జరిగే మార్పులు ఆ నిశ్చలత్వానికి తోడవుతవి. నడివయస్సునుండే కండలు సన్నగిల్లడం మొదలవుతుంది. ముట్లు ఆగిపోయిన తరువాతి కొన్ని యేండ్లలో స్త్రీల యెముకలు పురుషుల యెముకలకంటె వేగంగా పలుచబడుతవి. తొడకండలు తగ్గినకొద్దీ కూర్చున్నచోటనుండి లేవడానికి చేతి ఊత కావలసివస్తుంది. తూలినప్పుడు నిలదొక్కుకొనే శక్తి తగ్గుతుంది. స్నానాలగదిలో జారిపడి తుంటియెముక విరిగిన వృద్ధురాలు మరల స్వతంత్రంగా నడవడం ఎంత కష్టమో ఎరుగని కుటుంబం అరుదు. ఇదంతా వయస్సుధర్మమని సరిపెట్టుకోవడం తొందరపాటు. 1990లో అమెరికాలోని బోస్టను నగరంలో వృద్ధాశ్రమవాసులు పదిమందికి, సగటున 90 యేండ్ల వయస్సువారికి, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించి చూచినారు. వారి కాలిబలం సగటున రెండింతలకు మించి పెరిగినది. 90 యేండ్ల కండ నేర్చుకోగలిగినప్పుడు 65 యేండ్ల కండ నేర్చుకోలేదనడానికి ఆధారం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారం 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఊపిరి కొంత వేగమయ్యే నడకవంటి శ్రమ చేయవలె. రెండు దినాలు కండబలాన్ని పెంచే కదలికలు, మూడు దినాలు తూలకుండ నిలబడే అభ్యాసం చేయవలె. ఆ సంస్థయే 2024లో వెల్లడించిన అంచనాలలో, మన దేశపు వయోజన స్త్రీలలో నూటికి 57 మంది 2022 నాటికి చాలినంత శారీరక శ్రమ లేనివారుగా తేలినారు. పురుషులలో ఆ సంఖ్య 42. స్త్రీలు అడుగడుగునా పనిచేస్తున్నారనుకొనే దేశంలో ఈ వ్యత్యాసం ఆలోచింపదగినది.

ఇక నొప్పి సంగతి. నల్లగొండ సీమలో మోకాలు, నడుము నొప్పులను గూర్చి మాట్లాడేటప్పుడు నీటిని విడిచి మాట్లాడరాదు. ఈ మెట్టనేల క్రింది నల్లరాతి పొరలలో ఫ్లోరైడు ఉన్నది. లోతుకు పోయినకొద్దీ నీటిలోనికి అది దిగుతుంది. రుచికి తెలియదు, కంటికి కనిపించదు. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని మొదట గుర్తించినది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలలో. తరువాతి కాలంలో నల్లగొండ పేరు దానికి పర్యాయపదంవలె మారినది. 1970ల దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించే విధానాన్ని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టినారు. ఇతర దేశాల గ్రంథాలలోను ఆ పేరుతోనే ఉన్నది. ఒక జిల్లాకు కీర్తి రావలసిన మార్గం ఇది కాదు గాని, వచ్చినది.

లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం ప్రాంతాల పల్లెలలో దానిని ఎంతో మించిన నీటిని ప్రజలు దశాబ్దాలు త్రాగినారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధి చేసిన నదీజలం ఆ పల్లెలకు వచ్చినది. కాని నేడు 65 యేండ్లు నిండిన స్త్రీ తన బాల్యమూ, యౌవనమూ, బిడ్డలను కన్న కాలమూ బావినీటితో, బోరింగునీటితో గడిపినది. యెముకలో చేరిన ఫ్లోరైడు నీరు మారిన మరునాడు పోదు. యేండ్లమీద మెల్లగా తగ్గుతుంది. వ్యాధి ముదిరినవారిలో వెన్నెముకను పట్టియుంచే కట్లు యెముకవలె గట్టిపడుతవి. మెడ త్రిప్పలేరు, వంగలేరు, మడమలమీద కూర్చుండలేరు. గట్టిపడిన కట్లను మరల మెత్తబరచే మందు లేదు.

ఇటువంటివారిని వంగుమని, నేల తాకుమని బలవంతపెట్టడం ప్రమాదకరం. వారు ఎంతవరకు కదలగలరో అంతవరకే, కుర్చీలో కూర్చుండి భుజాలు, చీలమండలు, చేతివ్రేళ్ళు ఆడించడం, గాలి నిండుగా పీల్చి రొమ్మును కదిలించడం మేలు. డాక్టరు సలహా తప్పనిసరి. ఐతే ఈ వ్యాధి మరొక విధంగా కూడ ఆటంకమైనది. ఈ జిల్లాలో ప్రతి నొప్పికీ ఫ్లోరైడే కారణమని, ఇక చేయదగినది లేదని చాలమంది కూర్చుండిపోతారు. అందులో పెద్దభాగం, లోకమంతటా వృద్ధస్త్రీలకు వచ్చే మోకాళ్ళ అరుగుదల నొప్పియే కావచ్చు. ఈ నొప్పికి విశ్రాంతి మందు కాదు. నొప్పి ఉన్నదని కూర్చుంటారు, కూర్చున్నందువల్ల తొడకండ క్షీణిస్తుంది, కండ మోయవలసిన భారం కీలుమీద పడుతుంది, నొప్పి హెచ్చుతుంది, ఇంకా ఎక్కువ కూర్చుంటారు. తొడకండను మెల్లగా బలపరచినవారిలో మోకాలి నొప్పి తగ్గుతుందని అనేక పరిశోధనలు నిర్ధారించినవి. ఐనా మన ఇండ్లలో మొదటి చికిత్స నొప్పిగోలీ. దుకాణంలో అడిగి తెచ్చుకొన్న గోలీలను నెలల తరబడి మింగితే మూత్రపిండాలు చెడతవన్న సంగతి గోలీ ఇచ్చినవారు చెప్పరు.

మహబూబ్‌నగర్ సీమకు వస్తే, అక్కడ కథ నీటికంటె వలసతో ముడిపడినది. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట దేశంలో అరుదని చెప్పుకొంటారు. గుంపుమేస్త్రీ బయానా ఇచ్చి భార్యాభర్తలను ఇద్దరినీ తీసుకొనిపోతే, పిల్లలు ఎవరివద్ద ఉంటారు? నాయనమ్మవద్ద. హైదరాబాదు, పూనా, బొంబాయి నగరాలకు పోయిన కొడుకూ కోడలూ తిరిగివచ్చేవరకు బడికి పంపడం, వండిపెట్టడం, జ్వరం వస్తే దవాఖానకు తీసుకొనిపోవడం, ఉన్న ఒక బర్రెను, రెండు మేకలను చూచుకోవడం, అన్నీ 60 దాటిన ఆమెవే. ఎత్తిపోతల పథకాల నీరు వచ్చిన చోట్ల వలస కొంత తగ్గినది. మనుమల బాధ్యత అంతగా తగ్గలేదు. వలస పోని ఇండ్లలోను పత్తిచేనికి పోయిన కోడలి బిడ్డ ఆమె చంకలోనే ఉంటుంది. ఇటువంటి మనిషికి వ్యాయామానికి తీరిక లేదనడం అబద్ధం కాదు. కొడుకు సాయంకాలం రచ్చబండకు పోయిన అరగంటను ఎవరూ లెక్క అడుగరు. ఆమె ఒక్క పావుగంట తనకోసం నడిస్తే, పని ఎగవేసినట్లు కనిపిస్తుంది. తీరిక లేకపోవడంకంటె, ఉన్న తీరికను తనదిగా చెప్పుకొనే అధికారం లేకపోవడం ఇక్కడి అసలు సంగతి.

ఆమె చేసే పనికి ప్రయోజనం కనిపించవలె. కట్టెకు పోతే కట్టె వస్తుంది, గుడికి పోతే పుణ్యం వస్తుంది. ఊరకే పోయి ఊరకే వచ్చిన మనిషిని, ఎక్కడికి పోయినావని అరుగుమీదివారు అడుగుతారు. నడవడానికే పోయినానంటే నవ్వుతారు. పట్టణంలో ఉద్యోగుల భార్యలు బూట్లు తొడుక్కొని నడుస్తారు. పల్లెలో 65 యేండ్ల ముసలమ్మ నడిస్తే దానికి పేరు వేరు. భర్త పోయిన స్త్రీ సంగతి మరీ కఠినం. వ్యాయామానికి తెల్లవారుజాము మంచిదని డాక్టర్లు చెప్పుతారు. అదే సమయానికి ఊరివారు సంతకో, పొలానికో, బస్సుకో బయలుదేరుతారు. తాను ఎదురైతే శకునం చెడినదని ఎవరైనా వెనుకకు తిరిగి ఇంటిలోనికి పోతారేమోనన్న భయంతో గడప దాటని స్త్రీలు ఉన్నారు. ఈ మూఢాచారాన్ని గూర్చి సంస్కర్తలు నూరేండ్లకు పైగా వ్రాస్తూనే ఉన్నారు. దానికి ఆరోగ్యశాస్త్రంలో కూడ ఒక పేజీ ఉన్నదని వారికి తోచియుండదు.

ధైర్యం చేసి బయటికి వచ్చినా నడిచే చోటు కావలె. ఊరిలోని సిమెంటు దారిమీద మురుగునీరు, నిలిపిన ట్రాక్టర్లు, కుక్కలు. ఊరు దాటితే లారీలు. చలికాలంలో తెల్లవారుజామున వెలుతురు చాలదు. కంటిలో పొర ఉన్నవారికి గుంట కనిపించదు. ఎండకాలంలో నల్లగొండలో వేడిమి 45 డిగ్రీలకు చేరే దినాలు ఉంటవి. ఉదయం 8 దాటితే బయట తిరగడమే సాహసం. కాళ్ళకు రబ్బరు చెప్పులు, అవి అరిగి నున్ననైనవి. 2020 ప్రాంతంలో పంచాయతీలలో పల్లె ప్రకృతి వనాలు వెలసినవి. చక్కగా కాపాడుతున్నచోట అవి మంచి స్థలాలే. కాని వాటిలో చాలా భాగం ఖాళీగా ఉన్న ప్రభుత్వభూమిలో, అనగా ఊరి చివర ఏర్పడినవి. ఒంటరి వృద్ధురాలు అక్కడికి పోవడమే ఒక సమస్య.

ఎవరూ పైకి చెప్పని ఆటంకం ఒకటి ఉన్నది. చాలా కాన్పులైన స్త్రీలకు, దగ్గినా, బరువెత్తినా, వేగంగా నడచినా మూత్రం చుక్కలుగా జారుతుంది. దీనిని కూతురితో కూడ చెప్పరు. చీర తడుస్తుందని నీళ్ళు త్రాగడం తగ్గిస్తారు, నడక మానుకొంటారు, ప్రయాణం మానుకొంటారు. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. చాలవరకు నయమయ్యే విషయం. మూత్రాన్ని ఆపుకొనేటప్పుడు బిగించే కండలను, కూర్చుండియో పరుండియో కొన్ని క్షణాలు బిగించి వదలవలె. ఒక్కొక్కసారికి ఎనిమిది పదిమార్లు, దినానికి మూడుసార్లు. మూడు నెలలు విడువకుండ చేస్తే చాలమందికి గుణం కనిపిస్తుంది. ఈ వ్యాయామాన్ని బియ్యం ఏరుతూ చేయవచ్చు, బస్సులో చేయవచ్చు, ప్రక్కవారికి తెలియదు. గ్రామంలోని ఆశా కార్యకర్తతో గాని, నర్సమ్మతో గాని ఒక్కసారి మాట్లాడితే మొదటి బిడియం పోతుంది.

డాక్టర్ల విషయంలోను ఒక మాట. రక్తపోటుకో, చక్కెరవ్యాధికో మందు వ్రాసి, నడవండి అని ముగిస్తారు. ఎంత దూరం, ఎప్పుడు, మోకాలు నొచ్చితే ఏమి చేయవలె, ఎప్పుడు ఆగవలె, ఇవేవీ చెప్పరు. బయట నిలుచున్న నూరుమందిని చూచినప్పుడు వారిని నిందించడానికి మనసు రాదు. ఐతే నడవండి అన్న ఒక్క మాటకు విలువ, మందుచీటీ మీద మందు పేరు లేకుండ మందు వేసుకొనుము అని వ్రాసిన దానికి ఉన్నంతయే.

ఇన్ని ఆటంకాలు చెప్పిన తరువాత ఒక దృశ్యాన్ని స్మరించవలె. భాద్రపద అమావాస్యనాడు మొదలై తొమ్మిది దినాలు జరిగే బతుకమ్మ పండుగలో ఈ రెండు సీమల స్త్రీలు ఏమి చేస్తారు? పూలను నడుమ ఉంచి, చుట్టూ తిరుగుతూ, వంగి చప్పట్లు చరచి, లేచి అడుగు ప్రక్కకు వేసి, మరల వంగుతారు. గంటకు పైగా సాగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న ఆమె కూడ కొంతసేపైనా కలుస్తుంది. వంగడం, లేవడం, ప్రక్కకు అడుగు, చేతుల కదలిక, పాటవల్ల శ్వాస, అన్నీ ఉన్నవి. ఆరోగ్యశాస్త్రజ్ఞుడు కాగితంమీద గీచినా ఇంతకంటె బాగుగా గీయలేడు. 2014లో ఇది రాష్ట్రపండుగగా ప్రకటితమైనది. ఈ తొమ్మిది సాయంకాలాలలో సిగ్గు ఎక్కడ పోయినది? తీరిక ఎట్లు వచ్చినది? నలుగురు కలిసినారు, పాట ఉన్నది, స్థలం ఊరి నడుమ ఉన్నది, ఇంటివారి సమ్మతి ఉన్నది, పేరు వ్యాయామం కాదు. అందువల్ల దేహం ఒప్పుకొన్నది. మిగిలిన దినాలకు ఈ ఏర్పాట్లలో రెండు మూడైనా సమకూరితే పని సాగవచ్చు. నెలకొకసారి కూడే పొదుపు సంఘాల స్త్రీలు, లెక్కలు చూచుకొనే ముందు పది నిమిషాలు నిలుచుండి చేతులూ కాళ్ళూ ఆడించడానికి కొత్త భవనం, కొత్త పద్దు అక్కరలేదు. ఒకసారి నేర్చుకొన్నది ఇంటివద్ద సాగించవచ్చు.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఇంకొక ఉదాహరణ ప్రత్యేకంగా రుచించవచ్చు. అమెరికాలో 1925లో ఒక బీమా కంపెనీ రేడియోద్వారా ఉదయవ్యాయామాలు ప్రసారం చేయించినది. దానిని చూచిన జపాను తపాలా బీమా శాఖవారు 1928 నవంబరు 1న తమ దేశంలో రేడియో వ్యాయామాన్ని ప్రారంభించినారు. యుద్ధానంతరం కొంతకాలం ఆగి, 1951లో క్రొత్త రూపంతో తిరిగివచ్చినది. నేటికీ ప్రాతఃకాలం 6 గంటల 30 నిమిషాలకు పియానో మ్రోగుతుంది. సంగీతంతోపాటు ఒక కంఠం అంకెలు చెప్పుతుంది. ఒక్కొక్క వ్యాయామం మూడు నిమిషాలు. ఉద్యానాలలో గుంపులుగా నిలుచుండి చేసే వృద్ధస్త్రీలు ఎందరో. ఇంటిలో ఒంటరిగా చేసినా, అదే క్షణంలో దేశమంతటా తనవంటివారు చేస్తున్నారన్న భావం ఉంటుంది. నేలమీద పరుండవలసిన పని లేదు, ప్రత్యేకవస్త్రాలు వద్దు. వేళ నిర్ణయం కావడమే అందులో గొప్ప సౌకర్యం. చేయవలెనా వద్దా అని ప్రతిదినం తనలో తాను తర్కించనక్కరలేదు.

ఇంటివద్దనే చేయగల వ్యాయామాలకు న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయం వారి ప్రయత్నం కూడ పేర్కొనదగినది. 80 దాటిన స్త్రీలకు ఇండ్లవద్దనే కాలిబలం, నిలకడ పెంచే కదలికలు నేర్పి, ఫలితాలను 1997లో ప్రకటించినారు. వారిలో పడిపోవడం తగ్గినది. తరువాతి పరిశీలనలలో ఆ తగ్గుదల సుమారు మూడవవంతు అని తేలినది. ఆ కదలికలలో మన ఇండ్లకు ఒదిగేవి కొన్ని ఉన్నవి. వీపు గోడకు ఆనేటట్లు గట్టి కుర్చీని నిలిపి, దానిలో కూర్చుండి, వీలైనంతవరకు చేతుల ఊత లేకుండ లేచి నిలబడి మరల మెల్లగా కూర్చుండవలె. మొదటివారం ఐదుసార్లు చాలును. క్రమంగా పదికి పెంచవచ్చు. నులకమంచం దీనికి పనికిరాదు. అది పల్లంగా కుంగి మోకాలిని బాధిస్తుంది. తరువాత తలుపు దర్వాజాను రెండు చేతులతో పట్టుకొని మడమలెత్తి మునివ్రేళ్ళమీద నిలబడి దిగవలె. పిమ్మట గోడ ప్రక్కన, ఒక చేయి గోడమీద ఉంచి, ఒక పాదం మడమ ముందు రెండవ పాదపు వ్రేళ్ళు ఆనేటట్లు పది అడుగులు నడవవలె. ఇది చూడడానికి పిల్లల ఆటవలె ఉంటుంది. నిలకడకు ఇంతకంటె మంచి శిక్షణ కష్టం. నడకను వాకిలిలోనే పది నిమిషాల చొప్పున రెండు మూడు భాగాలుగా చేసుకొనవచ్చు. ఒకేసారి చేయవలెనన్న నియమం లేదు.

నొప్పి విషయంలో ఒక సులభమైన గురుతు ఉన్నది. చేసేటప్పుడు కొంచెం నొప్పి కలిగి, మరునాటికి సర్దుకొంటే సాగించవచ్చు. మరునాడు మోకాలు వాచినా, వేడిగా ఉన్నా రెండు దినాలు ఆపి, తరువాత సగానికి తగ్గించి మొదలుపెట్టవలె. రొమ్ములో బరువు, ఆయాసం, కండ్లు తిరగడం కలిగితే వెంటనే ఆపి దవాఖానకు పోవలె. చక్కెరవ్యాధికి మందులు వాడేవారు ఖాళీకడుపుతో చేయరాదు. ఎండకాలంలో వేళ సూర్యోదయానికి అటూ ఇటూ ఉండవలె. ఇక చంకలోని మనుమడు అడ్డమా అంటే, వాడు అంకెలు నేర్చే వయస్సువాడైతే ఎదుట కూర్చుండబెట్టి, నాయనమ్మ లేచినప్పుడల్లా ఒక అంకె చెప్పుమనవచ్చు. కొందరు పిల్లలు ఐదు తరువాత ఎనిమిదికి దూకుతారు. ఆ రెండింటినీ మరునాడు చెల్లించుకొనవచ్చును.